పదిహేడో నెంబరు చీటీ

ఆరు గంటలకు లారీ వస్తుంది. అరుణజ్యోతిని ఎక్కించుకుని పోతుంది. ఎక్కడికి తీసుకుపోతారో ఎవరికీ తెలియదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఈ నెలన్నరలో, ఆ లారీ ఎక్కినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు.

రెడ్డెమ్మ బట్టలగది తాళం తీయించి తలుపు తోసేసరికి క్యాంపు కమిటీ గోడ మీది గడియారంలో నాలుగూ పది అయింది.

అది నాటకాల బట్టలు దాచే గది. పార్కు మధ్యలో ఉన్న ఆ గుండ్రటి చెక్క నాటకశాలను ఎనిమిదేళ్ళ కిందట ఒక ఇంగ్లీషు నాటక సంఘం కట్టించుకుంది. నాలుగొందల ఏళ్ళ కిందట, ఒక రాణి పాలనలో వాళ్ళ దేశంలో ఇట్లాంటివే ఉండేవట. చుట్టూ మూడు అంతస్తుల వసారాలు, మధ్యలో ఆకాశం తప్ప కప్పు లేని నేల, ఒక పక్కన మనిషెత్తు వేదిక. ఆ ఇంగ్లీషువాళ్ళంతా పారిపోయారు. ఇప్పుడక్కడ నాలుగు వందలమంది తెలుగువాళ్ళు జోర్డాన్ పోయే బస్సు కోసం కాచుకుని ఉన్నారు.

అరుణజ్యోతి రాజుల అంగీల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. రాయచోటి పక్కనుంచి రెడ్డెమ్మే ఆమెను కువైట్‌కు పిలిపించి, రిగ్గైలో ఒక ఇంట్లో పనికి కుదిర్చింది.

"పిన్నమ్మా, నన్ను నిజంగానే వాళ్ళకు ఇచ్చేస్తారా?"

"అడిగినదానికి జవాబు చెప్పు. నిన్న రిగ్గై ఇంట్లోనుంచి ఎప్పుడు బయల్దేరినావు?"

"నాలుగుకు. నిన్ననే చెప్పినా గదా!"

"నడిచే వచ్చినావా?"

"బస్సులు యాడుండాయి? గంటసేపు నడిచినా."

"అంటే అయిదుకు ఈడుండావు. పెంచల్ శవం అయిదున్నరకు కనపడింది."

"నేనొచ్చేటప్పటికే జనమంతా మూగి ఏడుస్తా ఉండారు పిన్నమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి? ఆ పెంచలన్నను నేను బతికుండగా చూడనేలేదు నిన్న."

నిన్న సాయంత్రం కమిటీ ముందు రెడ్డెమ్మ చెప్పింది ఇదే లెక్క. నాలుగుకు బయల్దేరానని పిల్ల తనతో అన్నది, గంట నడక, అయిదుకు వచ్చింది. అరగంట ఖాళీ. పోయిన వారం ఇదే అరుణజ్యోతి వచ్చి బస్సు చీటీ ఇమ్మని, చీటీల కాపలా చూసే పెంచల్‌తో గొడవపడింది, నలుగురూ విన్నారు. అన్నీ కలిపితే కమిటీకి ఇంకేం కావాలి? నిజమే చెప్పాలి కదా అని చెప్పింది రెడ్డెమ్మ. రాత్రంతా ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ వేసుకుంది.

పిల్ల కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. ఆ చేతికి చిన్న ఆడవాళ్ళ గడియారం. రెడ్డెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇది నడుస్తా ఉందా?"

"నడుస్తా ఉంది. మామా ఇచ్చింది, రంజాన్‌కు." మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

ముల్లు టిక్కుటిక్కుమంటూ తిరుగుతూనే ఉంది. గడియారంలో మూడూ పన్నెండు.

"పొద్దున్నుంచి కమిటీ గడియారం చూడలేదా నువ్వు? నాలుగు దాటింది."

"ఈ గదిలోనుంచి ఏం కనపడుతుంది?" అరుణజ్యోతి ఆమె ముఖం చూసి బెదిరింది. "ఏమైంది పిన్నమ్మా? టైం మార్చమని రేడియోలో చెప్పినారు గానీ మామా ఒప్పుకోలేదు. వాళ్ళ టైం మా ఇంట్లోకి రాకూడదు అనింది. ఇంట్లో ఆరు గడియారాలుంటే ఒక్కటీ ముట్టుకోనీలేదు. ఈడ మార్చినారా?"

అయిదు రోజుల కిందట సైన్యం అందరినీ గడియారాలు బాగ్దాద్ టైముకు, గంట ముందుకు తిప్పమంది. క్యాంపులో ఆ రోజే తిప్పేశారు, తిప్పకపోతే రొట్టెల బండి లోపలికి రానివ్వం అన్నారు కాబట్టి. రెడ్డెమ్మకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం మొదటి వారమే సౌదీకి పోయింది. అప్పటినుంచి ఆమె లోకమంతా క్యాంపే, ఆమె టైమంతా కమిటీ గోడ మీది గడియారమే.

పిల్ల నాలుగంటే క్యాంపులో అయిదు. పిల్ల వచ్చేసరికి క్యాంపులో ఆరు. పెంచల్ పోయి అప్పటికి ఎంతసేపయిందో!

ముప్పై ఏళ్ళుగా ఎవరింట్లో ఏది పోయినా, ఎవరు అబద్ధమాడినా పట్టేసే మనిషని ఖైతాన్‌లో పనివాళ్ళంతా ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆ మనిషి నోటినుంచే ఈ పిల్ల మెడకు ఉరి పడింది. 'ఏ గడియారం?' అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. అడగలేదు.

"నువ్వు నీళ్ళు తాగు," అని లేచింది. "నేను వస్తా."

*

కుక్కుటేశ్వరరావు వేదిక వెనక బల్ల ముందు కూర్చుని రిజిస్టరు గీతలు గీస్తున్నాడు. అమలాపురం మనిషి. రాజమండ్రిలో పదహారేళ్ళు ఇన్సూరెన్సు క్లెయిములు విచారించి, ఆ పైన కువైట్ వచ్చి ఒక కంపెనీలో పెద్ద గుమాస్తా అయ్యాడు. క్యాంపు కమిటీకి ఆయనే పెద్ద. లారీ కోసం సైన్యానికి ఫిర్యాదు అరబ్బీలో రాసిచ్చిందీ ఆయనే.

రెడ్డెమ్మ గడియారం సంగతంతా చెప్పింది. ఆయన తలెత్తకుండానే విన్నాడు.

"బావుందమ్మా, చాలా బావుంది. నిన్న ఒక లెక్క, ఇవాళ ఒక లెక్క. రేపు ఏ దేశం టైము చెబుతావేంటి?"

"నిన్న చెప్పింది తప్పు సార్. నాదే తప్పు."

"నీ ఊరి పిల్ల, నువ్వు తెచ్చుకున్న పిల్ల. నిన్న నిజం చెప్పేశావు, రాత్రి మనసు పీకింది, పొద్దున్నే గడియారం దొరికింది. ఇలాంటివి పదహారేళ్ళు చూశానమ్మా నేను. కొట్టు తగలడిపోయాక ప్రతీవాడికీ ఏదో ఒకటి గుర్తొచ్చేది."

"గడియారం పిల్ల చేతికే ఉంది. వచ్చి చూడండి."

"ముల్లు వెనక్కి తిప్పడానికి ఎంతసేపు పడుతుందండీ?"

ఆ 'అండీ' గౌరవానిది కాదని ఆమెకు తెలుసు. "సార్, మీరు కాలిన కొట్లు చూసినారు. నేను మనుషుల వంటిళ్ళలో బతికినా. అబద్ధమాడేది ఎట్ల కూర్చుంటాదో నాకు తెలుసు."

"అయితే హంతకుడు ఎవరో చెప్పు. ఆరింటిలోగా పేరు చెప్పు, ఫిర్యాదు మార్చి రాస్తాను. లేదూ, నోరు మూసుకుని వెళ్ళి బస్సుకి మూట కట్టుకో." గీతల బద్ద బల్ల మీద కొట్టాడు. "నాలుగు వందల మందికి నేను జవాబు చెప్పాలి ఇక్కడ. క్యాంపులో హత్య జరిగింది, దొంగ దొరకలేదంటే ఆ సైన్యం వాళ్ళు బస్సే ఆపేస్తారు. తెలుసా నీకు?"

అదీ నిజమే. రెడ్డెమ్మ గోడ వైపు చూసింది. నాలుగూ ఇరవై అయిదు.

"చచ్చిన చోటు ఒకసారి చూడనీయండి."

ఆయన జేబులోనుంచి తాళంచెవి తీసి ఆమె వైపు తోశాడు. "చూసుకో. నేను రెండుసార్లు చూశాను."

*

పెంచల్ వడ్రంగి. ఈ నాటకశాల పలకలన్నీ అతను చిత్రిక పట్టినవే. వేదిక మధ్యలో ఒక చదరపు మూత ఉంది. నాటకంలో దయ్యాలు పైకి రావడానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టించుకున్నది. దాని కింద నిచ్చెన, నిచ్చెన కింద చీకటి గది. ఆ గదిలో ఇనుప పెట్టె. రేపటి బస్సుకు నలభై చీటీలు అందులోనే పెట్టి, కాపలాకు పెంచల్‌ను ఉంచారు. అతను నిచ్చెన కింద మెడ విరిగి పడి ఉన్నాడు. పెట్టె తెరిచి ఉంది. ఒక చీటీ తక్కువ. ఆ వేళకు జనమంతా గేటు దగ్గర రొట్టెల బండి చుట్టూ ఉన్నారు, వేదిక వైపు చూసినవాళ్ళు లేరు.

రెడ్డెమ్మ మెట్లెక్కి వేదిక మీద కాలు పెట్టి వెంటనే తీసేసింది. పలకలు పెనంలాగా కాలుతున్నాయి. చెప్పులు తెచ్చుకుని మళ్ళీ ఎక్కింది. ఎదురుగా పడమటి వసారా మీదినుంచి ఎండ నేరుగా ముఖాన కొడుతోంది. కింద నేల సగం దాకా వసారా నీడ వచ్చింది. వేదిక మీద మాత్రం ఎక్కడా నీడ లేదు. మూతకు వేసిన తాళం తీసి, దాని మీది ఇనుప కమ్మీని కొంగుతో పట్టుకుని ఎత్తింది. బరువైనది. వదిలేస్తే ధబేలుమని పడింది. నిచ్చెన మీద నిలబడి తల బయటపెట్టినవాడి నెత్తిన ఇది పడితే చాలు.

నిచ్చెన దిగింది. నిన్న ఎవరూ ముట్టుకోని స్టీలు గ్లాసు మూలకు దొర్లి ఉంది. అడుగున ఎండిన టీ. చిట్టెమ్మ ఇచ్చిన టీ.

చిట్టెమ్మ క్యాంపు వంటమనిషి, కోనసీమ మనిషి. పెంచల్‌ను బతికుండగా చివరిసారి చూసింది ఆమే. కమిటీ ముందు ఆమె చెప్పిన మాటలు రెడ్డెమ్మకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నాలుగున్నరకి టీ ఇచ్చానండి. మూత పక్కన నీడలో కూర్చుని ఉలి నూరుకుంటన్నాడు. గ్లాసిచ్చేసి గేటు కాడికి నీళ్ళకి వెళ్ళిపోయానండి."

మూత పక్కన. నీడలో. నాలుగున్నరకు.

రెడ్డెమ్మ గబగబా పైకి వచ్చింది. గడియారంలో నాలుగున్నర దాటి రెండు నిమిషాలు. మూత మీద ఎండ మండిపోతోంది. నిన్నా ఇదే ఎండ. సెప్టెంబరు ఎండలో కాలే పలకల మీద కూర్చుని ఎవడు ఉలి నూరుకుంటాడు?

ఆమె అక్కడే నిలబడింది. చెమట వీపు మీదుగా కారుతోంది. కింద జనం ఆమెను ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటున్నారు. ఎవరో అన్నారు, "ఏమ్మో రెడ్డెమ్మా, నాటకం ఎప్పుడు మొదలు?" ఇంకెవరో నవ్వారు. ఆమె కదల్లేదు. నీడ నేల దాటింది, వేదిక అంచు ఎక్కింది, పలక మీదినుంచి పలక మీదికి పాకింది. మూతను అది మొత్తం కప్పేసరికి గడియారంలో అయిదూ అయిదు.

చిట్టెమ్మ నీడను చూసింది నిజం. టైము అబద్ధం. ఆమె ఇక్కడ ఉన్నది అయిదు దాటాక. అయిదున్నరకు పెంచల్ శవమయ్యాడు.

చిట్టెమ్మ రెడ్డెమ్మ పక్క చాప మీద పడుకునే మనిషి. రెండేళ్ళ కిందట యజమానురాలు ఇస్త్రీపెట్టెతో కాల్చితే పారిపోయి వచ్చిన చిట్టెమ్మను రెడ్డెమ్మే తన వంటింట్లో ఇరవై రోజులు దాచింది.

*

తాళంచెవి ఇవ్వడానికి పోయినప్పుడు కుక్కుటేశ్వరరావు నవ్వాడు.

"ఎండ కాచుకున్నావా? ఏమైనా దొరికిందా?"

ఆమె చెప్పబోయి ఆగింది. నిన్న తొందరపడి చెప్పిన మాట ఇవాళ లారీని పిలిచింది. ముందు చిట్టెమ్మను అడగాలి. "ఇంకా చూస్తా ఉన్నా సార్."

"నువ్వు చూస్తానే ఉండు. నేను వల పన్నేశాను." ఆయన గొంతు తగ్గించాడు. పోటీలో గెలిచేవాడి సంతోషం అందులో ఉంది. "విచారణలో ఒక్క సంగతి ఎప్పుడూ కడుపులో దాచుకోవాలమ్మా. పోయిన చీటీ నెంబరు నేను ఎవరికీ చెప్పలేదు, కమిటీకి కూడా. పొద్దున్న నలుగురు పదేసి చీటీలు పంచారు, ఒకడికి తొమ్మిదే వచ్చాయి. రేపు బస్సు ఎక్కేటప్పుడు చీటీ చూసి పేరు రాస్తాం కదా? పదిహేడో నెంబరు పట్టుకుని ఎవరొస్తే వాళ్ళే ఆ పిల్లకి తోడుదొంగ. దొంగిలించింది ఇది, దాచింది వాళ్ళు. నీకెందుకు చెబుతున్నానంటే, ఇక నీ గడియారాలు కట్టిపెడతావని."

రెడ్డెమ్మ చెయ్యి తనకు తెలియకుండానే కొంగు ముడి మీదికి పోయింది.

పొద్దున్న చిట్టెమ్మ తెచ్చి ఇచ్చింది. "అక్కా, కమిటీవోళ్ళు నీకూ ఒకటి ఇచ్చేరు, ఇదిగో." ఎర్ర ముద్ర వేసిన చీటీ. అరుణజ్యోతిని అక్కడ గదిలో పెట్టి తాళం వేసి ఉంటే, తాను మాత్రం ఆ చీటీని మూడుసార్లు తీసి చూసుకుంది. సంతోషపడింది. సిగ్గుపడుతూనే సంతోషపడింది. అందులో అంకె ఒకటీ, పక్కన ఏడూ.

"ఏంటలా అయిపోయావు?" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

"ఎండ సార్," అంది రెడ్డెమ్మ.

*

చిట్టెమ్మ పొయ్యి దగ్గర పెద్ద డేగిసాలో పప్పు కలుపుతోంది. రెడ్డెమ్మ పక్కన కూర్చుంది.

"నిన్న పెంచల్‌కు టీ ఎప్పుడిచ్చినావు?"

"నాలుగున్నరకి. అదేంటక్కా, మళ్ళీను?"

"నాలుగున్నరకు మూత మీద ఎండ. ఇప్పుడే నిలబడి చూసి వచ్చినా. నీడ అయిదుకు గానీ రాదు."

గరిటె ఆగింది. మళ్ళీ తిరిగింది. "మెల్లగా మాట్లాడు."

"ఈ చీటీ కమిటీ ఇచ్చింది కాదు."

"నీ చక్కెర జబ్బు మాత్రలైపోయి పన్నెండు రోజులైంది," అంది చిట్టెమ్మ, డేగిసాలోకి చూస్తూ. "నువ్వు ఎవరికీ చెప్పలేదు. రాత్రుళ్ళు నువ్వు లేచి ఎన్ని చెంబులు నీళ్ళు తాగుతున్నావో నాకు తెలవదా? కాళ్ళు ఎలా వాచాయో తెలవదా? తర్వాత బస్సు ఎప్పుడో ఎవరికీ తెలీదు. టీ ఇచ్చి బతిమాలానక్కా. ఒక్క చీటీ ఇవ్వవయ్యా, మా అక్క సచ్చిపోతాది అన్నాను. 'రూలు రూలే' అన్నాడు. నేను గబగబా నిచ్చెన దిగి పెట్టెలోంచి ఒకటి లాగేశాను. గొళ్ళెం వెయ్యలేదు ఆ మహానుభావుడు. గ్లాసుతోనే అతనూ దిగాడు. తప్పించుకుని పైకొచ్చేశాను. నా వెనకాలే అరుచుకుంటా ఎక్కుతున్నాడు. నలుగురూ వస్తారని మూత దించేశాను. అరుపు వినపడకూడదనే, అంతేనక్కా. చంపాలని కాదు."

"అరుణను లారీ ఎక్కిస్తా ఉంటే చూస్తా కూర్చుంటివే!"

"నువ్వే కదా చెప్పావు, ఆ పిల్ల అయిదుకి వచ్చిందని." చిట్టెమ్మ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "నేను దాని పేరు ఎత్తనన్నా లేదు. నీ మాటకి ఎదురు చెబితే నేను దొరికిపోతాను. అందుకని ఊరుకున్నాను. నువ్వూ ఊరుకో. నా చీటీ నాకుంది. రేపు ఇద్దరం అమ్మాన్ బస్సులో ఉంటాం."

రెడ్డెమ్మ కట్టెలు ఒక్కొక్కటే పొయ్యిలోకి ఎగదోసింది. తనను బతికించడానికి ఒకడు చచ్చాడు. తన మాట వల్ల ఒకతె చావబోతోంది. తాను మాత్రం ఇక్కడ కూర్చుని, ముడిలో చీటీ పెట్టుకుని, ఊపిరి పీలుస్తోంది.

గేటు దగ్గర హారన్ మోగింది. ఆరుకు పది నిమిషాలు.

*

సార్జెంటు, ఇద్దరు సిపాయిలు నేల మధ్యకు వచ్చి నిలబడ్డారు. అరుణజ్యోతిని బట్టలగదిలోనుంచి తెచ్చారు. ఆ పిల్ల ఏడవడం కూడా మానేసింది.

కుక్కుటేశ్వరరావు రిజిస్టరు చంకలో పెట్టుకుని వేదిక మీద నిలబడ్డాడు. రెడ్డెమ్మ కూడా వేదిక ఎక్కింది. మైకు లేకుండా మాట మూడు అంతస్తులకూ వినపడేట్టు కట్టిన చోటు అది.

"నిన్న నేను చెప్పిన టైం తప్పు," అంది. "పిల్ల గడియారం కువైట్ టైంలో ఉంది. ఈడికి ఆరుకు వచ్చింది. నేను అడగాల్సింది అడగలేదు. ఈ పిల్ల మీద నేరం నేను వేసినా." కొంగు ముడి విప్పి చీటీని కుక్కుటేశ్వరరావు చేతిలో పెట్టింది. "ఇది మీరు వెతికే చీటీ. ఈ పిల్ల దగ్గర లేదు. నా దగ్గర ఉంది."

ఆయన నెంబరు చూశాడు.

"ఎవరిచ్చారు?"

ఆమె నోరు తెరిచింది. పేరు రాలేదు. కళ్ళు మాత్రం పొయ్యి వైపు పోయాయి. ఒక్క క్షణమే. పదహారేళ్ళు మనుషుల కళ్ళు చూసినవాడికి ఆ క్షణం చాలు. చిట్టెమ్మ గరిటె పట్టుకుని రాయిలాగా నిలబడి ఉంది.

"యల్లా!" సార్జెంటు వాచీ చూపించి అరిచాడు.

కుక్కుటేశ్వరరావు చీటీని మడిచి రెడ్డెమ్మ చేతిలోనే పెట్టేశాడు. మెట్లు దిగి సార్జెంటుతో అరబ్బీలో మాట్లాడాడు. ఇన్నేళ్ళలో పనివాళ్ళందరికీ ఆ మాత్రం అరబ్బీ అర్థమవుతుంది. హత్య కాదు. వడ్రంగి కాలు జారి పడ్డాడు. ఫిర్యాదు పొరపాటున రాశాను. ఖలాస్.

"ఖలాస్?" సార్జెంటు జేబులోని కాగితం తీసి ఆయన ముక్కు ముందు ఊపాడు. దీని మీద నా పై అధికారి సంతకం ఉంది. ఒక మనిషిని తెస్తానని చెప్పి వచ్చాను. సైన్యానికి అబద్ధపు ఫిర్యాదు రాసింది ఎవరు?

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనే," అన్నాడు కుక్కుటేశ్వరరావు.

సిపాయి అరుణజ్యోతి చెయ్యి వదిలి ఆయన రెక్క పట్టుకున్నాడు. రెడ్డెమ్మ మెట్లు దిగి అడ్డం పోయింది. ఆయన రిజిస్టరూ తాళంచెవీ ఆమె చేతుల్లోకి తోశాడు.

"సార్, నా మాట నమ్మి మీరు రాసినారు. నన్ను పొమ్మనండి."

"నీ మాట నమ్మింది నేను. సరిచూడకుండా సంతకం పెట్టింది నేను. రాజమండ్రిలో అయితే ఉద్యోగం ఊడేది." నవ్వబోయాడు, కుదరలేదు. గొంతు బాగా తగ్గించాడు. "పదిహేడు ఆ పిల్లకి ఇయ్యి. ఆవిడ సంగతి ఊరు చేరాక పోలీసులకి నువ్వే చెప్పాలి. చెబుతావని నాకు మాటివ్వు."

"ఇస్తా ఉన్నా."

"వీళ్ళు నన్ను అడుగుతారు. ఎవరు చంపారు, ఎందుకు మాట మార్చావు అని. నేనంత గట్టివాణ్ణి కాదమ్మా. నేను నోరు విప్పితే బస్సు ఆపేస్తారు. రేపు పొద్దున్న ఆరింటికల్లా బస్సు కదలాలి. అందాకా పళ్ళు బిగపట్టుకుని ఉండటానికి చూస్తాను. ఏ గడియారం ఆరో అందరికీ సరిగ్గా చెప్పు."

లారీ కదిలింది. దుమ్ము లేచి గేటు కనపడకుండా పోయింది.

అరుణజ్యోతి వచ్చి ఆమె భుజం మీద తల వాల్చింది. పొయ్యి దగ్గరనుంచి చిట్టెమ్మ పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. రెడ్డెమ్మ ఆ పళ్ళెం అందుకోలేదు.

గోడ మీద కమిటీ గడియారంలో సరిగ్గా ఆరయింది. పిల్ల చేతిమీద అయిదు. రెడ్డెమ్మ ఒకటి చూసింది, తర్వాత రెండోది చూసింది. కుక్కుటేశ్వరరావు నోరు మూసుకుని ఉండాల్సింది ఎంతసేపో లెక్కపెట్టుకుంది.

ఏ గడియారంలో చూసినా పన్నెండు గంటలే.